మా అత్త వేసిన ఊదారంగు

ఉల్లీ వెల్లుల్లీ గడప దాటి లోపలికి రాని ఇంట్లో మా మేనత్త చేతులు మాత్రం వెల్లుల్లి వాసన వేసేవి. ఏడాది పొడుగునా కాదు, కార్తీకం నుంచి పుష్యం దాకా, ఆవిడ స్వామివారి నూలుకి రంగు వేసే రోజుల్లోనే. ఇంట్లో అందరి ముక్కులకీ ఆ సంగతి తెలుసు. నోళ్ళు మాత్రం ఎవరూ విప్పేవారు కాదు.

ఆవిడ పేరు రాయను. ఊరి పేరూ రాయను. భోగాపురానికి అవతల, సముద్రానికి రెండు మైళ్ళు ఇవతల అని మాత్రం చెప్తాను. ఆ ఊరి వేణుగోపాలస్వామి కోవెల్లో మా ఇంటివాళ్ళు ఇప్పటికీ సేవ చేస్తున్నారు, వాళ్ళకి నా వల్ల మాట రాకూడదు. మొన్న ఆశ్వయుజంలో మా అత్త పోయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారు. మంచి చాలానే ఉంది, అదీ చెప్తాను. కానీ నాకు ఆవిడ మీద ఒళ్ళు మండుతోంది. అది దాచుకుని రాయమంటే నా వల్ల కాదు.

మనిషి చువ్వలా ఉండేది. ఎనభై దాటాక కూడా కూర్చుంటే గోడకి జారబడేది కాదు. నుదుట సన్నగా శ్రీచూర్ణం గీత, తల మీద ఎప్పుడూ తడిగుడ్డ. మాట కన్నా ముందు చెయ్యి లేచేది. అరచెయ్యి మన వైపు తిప్పి చూపిస్తే అక్కడే ఆగమని అర్థం. మా ఇంట్లో పసిపిల్లలకి అమ్మా నాన్నా అనడం రాకముందే ఆ చెయ్యి అర్థమవుతుందని మా అమ్మ నవ్వేది. మా అత్త మడికి జడిసి పెరటి దడి మీద కాకి కూడా వాలదని ఊళ్ళో వేళాకోళం.

మనుషులతో అంత కటువైన మనిషి నూలుతో మాత్రం గారాబంగా మాట్లాడేది. పెరట్లో రంగు వేసే చోటు చుట్టూ కట్టిన తాటాకు దడి అవతల కూర్చుని "ఏటే, అలిగేవా? నిన్న బాగానే ఉన్నావు గదే" అని బుజ్జగిస్తుంటే ఇవతల మేం నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం. అమావాస్యకీ పున్నానికీ సముద్రస్నానానికి వెళ్ళేది. ఎవరినీ తోడు రానిచ్చేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు చంకన రాగి బిందె, దాని మీద తడిగుడ్డ మూత. "సముద్రుడి తీర్థం, తప్పుకోండి" అంటూ వీధి మొదట్నుంచీ కేకేసుకుంటూ వచ్చేది. మేం గోడలకి అతుక్కుపోయేవాళ్ళం. బిందెలో ఏముందో చూడాలని ఒక్కరికీ తట్టలేదు. తీర్థమంటే తీర్థమే, అందులో చూడ్డానికేముంటుంది?

ఆవిడకి పద్దెనిమిదేళ్ళప్పుడు భర్త పోతే పుట్టింటికి వచ్చేసిందట. ఆ కాలంలో అలా వచ్చిన ఆడది అన్నదమ్ముల ఇంట్లో ఒక మూల పడి ఉండాలి. మా అత్త అలా ఉండలేదు. మాఘమాసంలో స్వామి కళ్యాణానికి మా ఇంటి నుంచి ఉత్తరీయం వెళ్ళాలి. పొందూరు నుంచి తెప్పించిన సన్నని తెల్లబట్ట, దానికి చిటికెన వేలంత ఊదారంగు అంచు. ఆ అంచు కుట్టే దారానికి రంగు వెయ్యడం ఇంట్లో మా అత్త ఒక్కదానికే వచ్చు. అందుకని మా నాన్న కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాడు.

ఆ రంగుని చూడాలి. మెరుపు ఉండదు. దీపం దగ్గర పెడితే నల్లగా, ఎండలోకి తెస్తే లోపల్నుంచి ఎరుపు కదిలినట్టు ఉంటుంది. పాత ఉత్తరీయాలు కోవెల్లో పెట్టెలో ఉన్నాయి. తెల్లబట్ట పసుపెక్కి చివికిపోయింది, అంచు మాత్రం నిన్న కుట్టినట్టే ఉంది. ఉతికినకొద్దీ ముదురుతుంది తప్ప వెలవదు. అది దేనితో వస్తుందని ఎవరైనా అడిగితే ఆవిడ జవాబు ఒక్కటే: "నేరేడు పళ్ళు, పటిక, కరక్కాయ. ఆపైన స్వామి దయ."

నాకు ఇరవై రెండో ఏడు వచ్చినప్పుడు ఆ పని నేను నేర్చుకుంటానన్నాను. ఇంట్లో కుట్టుపని నాదే, నా చేతి కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కనిపించదని పేరు. టీచరు ట్రైనింగు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఆవిడ తర్వాత ఆ సేవ నేనే చెయ్యాలని, నాకూ ఆ ఇంట్లో ఒక చోటు ఉండాలని నా ఆశ. అత్త నన్ను చాలాసేపు చూసింది. "సరే, జ్యేష్ఠం రానీ" అంది.

నేరేడు పళ్ళు పిండి, రసాన్ని ఎండబెట్టి అట్టలు కట్టడం, కరక్కాయ నానబెట్టడం, పటిక పాళ్ళు, అన్నీ ఓపిగ్గా చెప్పింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కానీ తను రంగు వేసేటప్పుడు మాత్రం నన్ను తాటాకు దడి లోపలికి రానిచ్చేది కాదు. నాది మడి చాలదట. నేను ఇవతల నా కుండతో, ఆవిడ అవతల తన చెంబుతో. ఒకసారి గాలికి తాటాకు కమ్మ తొలిగితే లోపల ఎండలో దండెం మీద దారం కనిపించింది. పచ్చగా ఉంది, చిలకపచ్చ.

"అత్తా, పచ్చగా ఉందేం?"

ఆవిడ తిరగను కూడా తిరగలేదు. "నేరేడు కాయ ముందు పచ్చగా ఉండదేటే? ఎండ తగిలితే పండుతాది. దారమూ అంతే."

ఎంత చక్కగా చెప్పింది! నమ్మకుండా ఎలా ఉంటాను? ఆ మాట నేను ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా. నా దారం ఎందుకు పచ్చగా అవడం లేదో అని ఆ రోజంతా దిగులుపడ్డాను.

ఆ వెల్లుల్లి గొడవ ఆ ఏడే జరిగింది. మార్గశిరంలో ఒకరోజు కోవెల పెద్దార్చకులు మా ఇంటికి వచ్చి వసారాలో కూర్చున్నారు. అత్త ప్రసాదం అందుకోవడానికి చెయ్యి చాపింది. ఆయన ముక్కు చిట్లించి "ఏదో వాసన వస్తోందే!" అన్నారు. మా నాన్న ముఖం పాలిపోయింది. స్వామి దారానికి రంగు వేసే మనిషి వెల్లుల్లి తింటుందని తేలితే సేవ పోతుంది. అత్త చెయ్యి అలా గాల్లోనే ఆగిపోయింది.

అందరిలాగే నేనూ ఆవిడ చాటుగా తింటుందనే అనుకునేదాన్ని. రుచి ఎరగని బతుకు, ఎప్పుడో ఓ రెబ్బ నోట్లో వేసుకుంటే ఎవరి సొమ్ము పోయిందని లోపల్లోపల జాలి కూడా. అందుకే ముందుకొచ్చి "నేనేనండీ. స్నేహితురాలింట్లో పచ్చడి తిన్నాను, చెయ్యి కడుక్కోకుండా వచ్చేశాను" అన్నాను. నా జన్మలో నేనాడిన మొదటి పెద్ద అబద్ధం అది. మా నాన్న నన్ను నూతి దగ్గర నిలబెట్టి చన్నీళ్ళు గుమ్మరించాడు. నెల రోజులు దేవుడి గదిలోకి రానివ్వలేదు. అత్త దడి అవతలికి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచే అంతా విన్నది. బయటికి రాలేదు. మర్నాడు నా కంచంలో ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది, అంతే.

ఆ నేతికి నేను పొంగిపోయాను. మా ఇద్దరి మధ్యా ఒక రహస్యం ఉందని, ఆవిడ నన్ను తనదాన్నిగా చూసుకుంటోందని అనుకున్నాను. ఆ తర్వాత ఎవరు వాసన మాట ఎత్తినా ఇంగువ అనో, తలకి రాసుకున్న మందు అనో ఏదో ఒకటి నేనే కల్పించి చెప్పేదాన్ని. అంత నమ్మకంగా కాపాడాను, లేని దొంగతనాన్ని.

కుట్టే ముందు దారాన్ని ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి ఇంటిల్లిపాది ముందూ నానబెట్టడం మా ఇంటి ఆనవాయితీ. నీళ్ళకి రంగు దిగకపోతేనే దారం స్వామికి పనికొస్తుంది. అత్త దారం వేస్తే నీళ్ళు తేటగా ఉండేవి. నా దారం వేస్తే నిమిషంలో నేరేడు రసం అయిపోయేవి. మొదటి ఏడు పటిక చాలలేదంది. రెండో ఏడు ఎండ చాలలేదంది. మూడో ఏడు నేను చేతులు బొబ్బలెక్కేలా పని చేశాను. రోజూ మూడు పూటలా స్నానం, ఒంటిపూట భోజనం. ఆ ఏడూ నీళ్ళు నల్లబడ్డాయి.

పళ్ళెం చుట్టూ అమ్మ, నాన్న, తమ్ముడు. అత్త ఆ దారాన్ని వేలితో ఎత్తి చూసి, మా నాన్నతో అంది:

"దీని చెయ్యి కుదరదురా. ఇది అందరికీ వచ్చేది కాదు. మనసులో మైలుంటే నూలుకి తెలిసిపోతాది."

నేను అక్కడే ఉన్నాను. నా ఎదురుగానే అంది. ఎందుకు ఏడవలేదో తెలీదు, ఆ పళ్ళెంలో నీళ్ళు తీసుకెళ్ళి పారబోసి వచ్చాను. ఆ మాట ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి చుట్టాల్లోకి పాకింది. ఆ వేసవిలో ఆవకాయ కలపడానికి కూర్చుంటే అమ్మ మెల్లిగా బేసిన్ అటు లాక్కుంది. "నువ్వొద్దులేమ్మా, బూజు పడుతుందేమో" అంది. పెళ్ళయి గజపతినగరం వచ్చాక మా అత్తవారింట్లో కూడా ఎవరో చెప్పేశారు. విత్తనాలు చల్లేనాడు నన్ను పొలం గట్టు మీదే నిలబెట్టేవారు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో సోషల్ పాఠాలు చెప్పాను, ఎంతోమంది పిల్లల్ని ఒడ్డెక్కించాను. అయినా ఏదైనా శుభకార్యంలో మొదటి పసుపు కొమ్ము పట్టుకోమంటే నా చెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్ళేది. తప్పు నాదేనని నమ్మాను మరి. మనసులో మైల ఏమిటా అని ఎన్ని రాత్రులు వెతుక్కున్నానో!

ఇక ఈ కార్తీకం సంగతి. పన్నెండో రోజు అయ్యాక, సెలవులు ఉన్నాయి కదా అని నేను ఊళ్ళోనే ఉండిపోయాను. అత్త గది సర్దే పని నాకే పడింది. దడి లోపలికి కాలు పెట్టడం అదే మొదటిసారి. అక్కడ ఒక రాతి పలక, రాగి చెంబు, ఒక పాత జాడీ ఉన్నాయి. జాడీ నిండా నేరేడు అట్టలు, పురుగుపట్టి పొడి అయిపోయి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా వాటిని ఎవరూ ముట్టుకోలేదని చూస్తేనే తెలుస్తోంది. నాకు అనుమానం రాలేదు. ముసలావిడ, మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను.

పున్నమినాడు పొద్దున్న తమ్ముడు కోవెలకి వెళ్ళాడు. పెరటి గుమ్మం దగ్గర "అమ్మగోరూ" అని ఎవరో పిలిచారు. వెళ్ళి చూస్తే ఒడ్డు మీది బెస్తపాలెం మనిషి, నూకాలు. చిన్నప్పుడు సందులో చూసిన ముఖమే, ఇప్పుడు డెబ్బై ఉంటాయి. నెత్తిన బుట్ట, దాని మీద తడిగుడ్డ.

అత్త పోయిందని చెప్పాను. నూకాలు బుట్ట దింపి కూలబడిపోయింది. "అయ్యో నా తల్లీ! నాను పూరీలో కూతురింటికి పోనాను. నాకెవులు సెప్పనేదు. ఈ పున్నానికి తెత్తానని మాటిచ్చినాను గదమ్మా" అని ఏడ్చింది.

"ఏం తెస్తానన్నావు?"

నూకాలు ఏడుపు ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు మేనకోడలివి గదేటి? ఆ కుట్టుపని గుంటవి? నీకూ సెప్పనేదేటి అమ్మగోరు?"

గుడ్డ తీసింది. బుట్ట నిండా రాళ్ళకి పట్టుకుని ఉండే నత్తగుల్లలు, బతికి ఉన్నవి.

ఆ తర్వాత అంతా నూకాలే చెప్పింది. వాళ్ళ పాలెంలో వెనకటికి చాకలికి వేసే బట్టలకి ఈ నత్త పాలతోనే గుర్తు పెట్టేవారట. "ఎన్ని ఉతుకులేసినా పోదు. ఉతికినకొద్దీ ముదురుతాది. మా అమ్మ కోక మీద ఆ గుర్తు సూసి, ఇదేటని అడిగినారు మీ అత్త. అప్పుడు మా అమ్మ సూపించింది. మొదట్లో అమాసకీ పున్నానికీ నీరు బాగా లాగీసినప్పుడు ఆవిడే రాళ్ళ మీదకొచ్చి ఏరుకునీవోరు. మోకాళ్ళు పోయినకాణ్ణించీ నాను తెత్తన్నాను. ఒక్కటీ సంపనిచ్చీవోరు కాదు. పాలు పిండీసి, ఉప్పునీటిలో ఎట్టి, మళ్ళీ రాయి మీద ఒగ్గీమనీవోరు."

సముద్రుడి తీర్థం! ఆ బిందెకి దారి ఇచ్చి గోడలకి అతుక్కున్న మేం.

నా ముఖం చూసి నూకాలు నేను నత్తలకి అసహ్యపడ్డాననుకుంది. "కోవెల్లో శంకం ఊదుతారు గదమ్మా? అదీ సముద్రంలో పురుగు గూడే గదా! దేవుడికి లేని మైల మనకెందుకు?" అంది. నత్త గురించి కాదు నూకాలూ. నత్త గురించి నాకు ఏ పట్టింపూ లేదు. ఆ రోజు చెప్పి ఉంటే పక్కన కూర్చుని పిండేదాన్ని.

"నాకెందుకు చెప్పలేదో నీతో ఎప్పుడైనా అందా?" అని అడిగాను.

"అన్నారమ్మా. ఆ గుంట సెయ్యి నా సెయ్యి కన్నా మంచిదే నూకాలూ, కానీ దాని నోట నిజం తప్ప రాదు, దాసనేదు, అనీవోరు."

దాని చెయ్యి నా చెయ్యి కన్నా మంచిది. నూకాలుతో అంది ఆ మాట. మా నాన్నతో అనలేదు, నాతో అనలేదు. నోట నిజం తప్ప రాదట! ఆవిడ చేతి వాసన కోసం అర్చకుల ముందు అబద్ధమాడి, నూతి దగ్గర తడిసి, ఏళ్ళ తరబడి ఊరందరికీ కథలు చెప్పిన నోరు ఇది. ఆ వాసన ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. ఎండలో ఆ పాలు రంగు తిరిగేటప్పుడు అలాంటి వాసనే వేస్తాయట. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. నన్ను నానబోసింది ఆవిడే, పుచ్చని పేరు పెట్టిందీ ఆవిడే.

"నన్ను అలా అన్నందుకు ఎప్పుడైనా బాధపడిందా?"

నూకాలు ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "నేదమ్మా. మబ్బు పట్టి రంగు తిరక్కపోతే బాధపడీవోరు."

ఆవిడ వైపు నుంచి నేనూ ఆలోచించాను, ఆలోచించకుండా లేను. ఆ దారం లేకపోతే ఆవిడ ఆ ఇంట్లో పొయ్యి ఊదుకునే ఒక వితంతువు. రంగు గుట్టు బయటపడితే సేవ పోతుంది, సేవతోపాటు ఆవిడా పోతుంది. భయపడింది. భయం నాకు అర్థమవుతుంది. కానీ నేర్పనని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. మూడేళ్ళు నా చేత రాని రంగుని కలిపించి, రాదని ముందే తెలిసి పళ్ళెం ముందు కూర్చుని చూసింది. ఆ పైన నా మనసులో మైల అంది. అది భయం కాదు. నా మీద ఆవిడకి దయ లేదు, అంతే.

"ఎలా పిండాలో చూపించు" అన్నాను.

రాతి పలక దగ్గర కూర్చున్నాం. గుల్ల మూతి దగ్గర గోటితో మెల్లిగా నొక్కితే నత్త చిరాకుపడి చిక్కటి తెల్లని పాలు వదిలింది. తడిపిన దారం చిలపని ఆ పాలలో వేలితో తిప్పుతూ రాశాను. ఒకటయ్యాక ఇంకొకటి. దండెం మీద ఎండలో వేశాను. తెల్లగా ఉన్నది పసుపైంది. పసుపు చిలకపచ్చైంది. నేను కదల్లేదు. పచ్చలోకి నీలం దిగింది, నీలంలోకి ఎరుపు వచ్చింది. కాసేపటికి దండెం మీద స్వామివారి ఊదారంగు ఉంది. పళ్ళెంలో నీళ్ళు పోసి ముంచాను. నీళ్ళు తేటగా ఉన్నాయి.

మొదటిసారికే వచ్చింది. నాకిప్పుడు యాభై ఆరేళ్ళు.

"అచ్చం అమ్మగోరు యేసినట్టే ఉన్నాది" అంది నూకాలు. కాదు, ఆవిడ దారంలో అక్కడక్కడ చారలుండేవి, నా దారంలో ఒక్క చార లేదు. పొద్దు వాలకుండా నత్తల్ని రాళ్ళ మీద వదలాలని బుట్ట ఎత్తుకుని నూకాలు వెళ్ళిపోయింది. నేను దారాన్ని మళ్ళీ దండెం మీద ఆరేసి, పలక కడిగేసి, దండెం కింద కూర్చుని, ఎవరూ లేరు కదా అని గట్టిగా ఏడ్చాను.

తమ్ముడు కోవెల నుంచి వచ్చేసరికి దారం ఇంకా దండెం మీదే ఉంది. పెరట్లోకి వచ్చి చూసి అలాగే నిలబడిపోయాడు. ఈ ఏడు అంచు ఎలాగా, బజార్లో కొన్న దారంతో కుట్టించాలా అని పది రోజులుగా వాడు మథనపడుతున్నాడు. రెండు చేతులతో చిలపని తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

"చూశావా అక్కా! పోతూ పోతూ కూడా స్వామికి లోటు చెయ్యలేదు. ఎక్కడ దాచి ఉంచింది? చెయ్యంటే ఆవిడదే చెయ్యి."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే నత్త గురించి చెప్పాలి. నత్త గురించి చెప్తే అరవై ఏళ్ళ ఉత్తరీయాలు, వాడి సేవ, పెద్దార్చకుల ముందు వాడి ముఖం, అన్నీ కూలిపోతాయి. ఆవిడ నన్ను పట్టుకున్న చోటు అలాంటిది. పోయాక కూడా ఆవిడ పట్టు వదల్లేదు.

"నేనేరా వేసింది" అన్నాను. అంతవరకే అనగలిగాను.

వాడు దారం మీంచి తలెత్తి, నా వంక జాలిగా చూశాడు.

"పోనీలే అక్కా" అన్నాడు, "ఇంకా ఆ బాధ పోలేదా నీకు!"